వైద్య శిబిరానికి పిలుపు, ఉద్యోగి అడగని ప్రశ్న

ఉద్యోగుల ఆరోగ్యం కోసం సంస్థలు తమ ఆవరణలోనే నడిపే కార్యక్రమాలకు వెల్‌నెస్ ప్రోగ్రామ్‌లన్న పేరు స్థిరపడింది. ఏటా జరిపే ఉచిత వైద్య పరీక్షలు, బీపీ, షుగర్ శిబిరాలు, పొగతాగడం మానిపించే సలహాలు, మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి ఫోనులో కౌన్సెలింగ్, యోగా తరగతులు అన్నీ ఈ పేరు కిందికే వస్తాయి. వీటికి డబ్బు ఖర్చవుతుంది, వైద్యులు వస్తారు, గేటు దగ్గర బ్యానరు కడతారు. అయినా చాలాచోట్ల పరీక్ష అత్యవసరమైన మనిషి రాడు, ఆరోగ్యం మీద ముందునుంచీ శ్రద్ధ ఉన్న మనిషి ముందు వరుసలో నిలబడతాడు. దీనికి ఉద్యోగుల నిర్లక్ష్యమే కారణమని యాజమాన్యాలు సులువుగా తేల్చేస్తాయి గానీ, ఆ నిర్ణయం సరైనది కాదు. పిలుపు అందుకున్న ఉద్యోగి మనసులో మొదట లేచే ప్రశ్న ఒకటుంది: ఈ పరీక్షలో ఏదైనా బయటపడితే అది ఎవరికి తెలుస్తుంది, తన ఉద్యోగం ఏమవుతుంది? ఆ ప్రశ్నను అతడు పైకి అడగడు. అడగని ఆ ప్రశ్నకు ప్రకటనలో జవాబు లేకపోతే, తక్కినదంతా ఎంత అందంగా అచ్చువేసినా అతనికి పట్టదు.

ఈ విషయం పట్టించుకోవలసినంత పెద్దదే. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో ఉన్నారని తేలింది. మధుమేహం, అధిక రక్తపోటు రెండూ ఏళ్ల తరబడి ఏ బాధా కలిగించకుండా శరీరంలో ఉండిపోగలవు గనుక, పరీక్ష చేయించుకోనివారికి జబ్బు ఉన్న సంగతే తెలియదు. ఆస్పత్రి గడప తొక్కని నడివయసు మనిషి ప్రతిరోజూ తప్పకుండా కనిపించే చోటు పనిచేసే చోటే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఏటా ఉచిత వైద్య పరీక్ష జరిపించే బాధ్యతను యజమాని మీద పెట్టింది. 40 ఏళ్లు పైబడిన కార్మికులకు ఈ సౌకర్యం అందుతుందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంతకాలం పెద్ద సంస్థల ఔదార్యంగా చలామణి అయిన కార్యక్రమం ఇప్పుడు చిన్న కర్మాగారాల దాకా రాబోతున్నదంటే, దాన్ని కార్మికునికి ఎలా చెప్పాలన్న ప్రశ్న కూడా అంత దూరమూ వెళ్తుంది.

పిలుపుకు ఎవరు స్పందిస్తారన్న దానిమీద అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల మీదే 2016లో ఒక పెద్ద ప్రయోగం మొదలుపెట్టింది. చేరిన 4,834 మందిని చీటీ వేసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మాత్రమే వెల్‌నెస్ కార్యక్రమాన్ని అందించి, రెండో వర్గంతో పోల్చి చూశారు. ప్రతిఫలం ఏమీ లేనప్పుడు ఆరోగ్య పరీక్షకు దాదాపు 47 శాతం మంది వచ్చారు. 100 డాలర్లు ఇస్తామంటే ఆ సంఖ్య 59 శాతానికి పెరిగింది. ప్రతిఫలాన్ని 200 డాలర్లకు రెట్టింపు చేస్తే మాత్రం మరో 4 శాతం పాయింట్లే కలిశాయి. అంతకన్నా ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, ఇష్టపడి కార్యక్రమంలో పాల్గొన్నవారు అప్పటికే వైద్యానికి తక్కువ ఖర్చుపెడుతున్నవారు, ఆరోగ్యపు అలవాట్లు ఉన్నవారు. డబ్బు ఆశ కొంతమందిని కదిలిస్తుంది, ఆ తరువాత ఆగిపోతుంది. మిగిలిపోయినవారిని ఆపుతున్నది వేరొకటని అర్థమవుతుంది.

తెలుగు నేల మీద ఆ వేరొకటి ఏమిటో వెతకడానికి దూరం పోనక్కరలేదు. ఇక్కడి శ్రామికులకు వైద్య పరీక్ష అనగానే మొదట గుర్తొచ్చేవి ఫిట్, అన్‌ఫిట్ అన్న రెండు మాటలు. గనుల నిబంధనల ప్రకారం గని కార్మికునికి ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, ఆ తరువాత అయిదేళ్లకు మించకుండా ఒక్కొక్కసారి వైద్య పరీక్ష జరగాలి. అందులో అన్‌ఫిట్ అని తేలితే చేస్తున్న పని పోతుంది. సింగరేణి బొగ్గు గనుల్లో అలా అన్‌ఫిట్ అయిన కార్మికుని వారసునికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉండడం వల్ల, ఆ సంగతి తేల్చే మెడికల్ బోర్డు అన్న మాట అక్కడ ఒక మనిషి ఆరోగ్యంతోనే కాక ఆ ఇంటి భవిష్యత్తుతోనూ పెనవేసుకుపోయింది. ఆర్టీసీ డ్రైవరుకు కంటి పరీక్ష అంటే స్టీరింగు ముందు కూర్చునే హక్కుకు పరీక్ష. రంగులను సరిగా పోల్చుకోలేని లోపం, అంటే వర్ణాంధత్వం, ఉన్నదని వైద్య పరీక్షలో తేలడంతో ఉద్యోగం పోగొట్టుకున్న తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. అతనికి తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని ఆ న్యాయస్థానం 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఇలాంటి కథలు డిపోల్లో, గనుల దగ్గర, బస్తీల్లో నోటినోటా తిరుగుతాయి. వాటిని విన్న మనిషికి గేటు దగ్గర టెంటు వేసి ఉచితంగా రక్తం తీస్తామంటే వెంటనే నమ్మకం కలగదు, కలగాలని ఆశించడమూ న్యాయం కాదు.

కాబట్టి వెల్‌నెస్ కార్యక్రమాన్ని చెప్పబోయే సంస్థ ముందుగా చెయ్యవలసిన పని, చట్టం కోరే ఫిట్‌నెస్ పరీక్షనూ, ఉద్యోగి ఇష్టంతో చేయించుకునే ఆరోగ్య పరీక్షనూ విడదీసి చూపడం. మొదటిదాని ఫలితం యజమానికి చేరుతుంది, చేరాలి కూడా. బస్సు నడిపేవాని చూపు ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించినది. రెండోదాని ఫలితం ఉద్యోగి సొంతం. ఈ రెండూ ఒకే గదిలో, ఒకే వైద్యుని చేత, ఒకే రిజిస్టరులో సంతకంతో జరిగిపోతే, తేడాను కాగితం మీద ఎంత రాసినా ఉద్యోగి కంటికి అది కనిపించదు. గది మార్చడం, రిజిస్టరు మార్చడం, వీలైతే బయటి ఆస్పత్రి సిబ్బందిని పిలవడం కూడా ఉద్యోగికి విషయం తెలియజెప్పడంలో భాగాలే.

బెదిరింపుతో ఈ పని జరగదని చెప్పడానికి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం 2013లో ఎదుర్కొన్న అనుభవం చాలు. శరీర కొలతలు, రక్త పరీక్షలతో పాటు ఒక ఆన్‌లైన్ ప్రశ్నావళిని కూడా పూర్తిచెయ్యాలని, చెయ్యనివారి జీతం నుంచి నెలకు 100 డాలర్లు కోస్తామని ఆ సంస్థ ఆ వేసవిలో ప్రకటించింది. ప్రశ్నావళిలో ఉద్యోగి కుటుంబ పరిస్థితి, ఆర్థిక ఇబ్బందులు, మహిళలైతే వచ్చే ఏడాదిలో గర్భం దాల్చే ఆలోచన ఉన్నదా అన్నవి కూడా ఉండడంతో అధ్యాపకులు తిరగబడ్డారు; సెప్టెంబరు నాటికి జరిమానాను నిలిపివేయవలసి వచ్చింది. 2018లో వెస్ట్ వర్జీనియా ఉపాధ్యాయులు రాష్ట్రమంతటా సమ్మెకు దిగడానికి ముందు పెరిగిన అసంతృప్తిలో, ఫోనులో ఒక ఆరోగ్య యాప్ పెట్టుకుని పాయింట్లు సంపాదించకపోతే నెలకు 25 డాలర్లు అదనంగా కట్టాలన్న ప్రతిపాదన కూడా ఒక భాగం. చదువుకున్నవారు, హక్కులు తెలిసినవారు పనిచేసే చోట్ల కూడా ఆరోగ్యం పేరుతో వచ్చిన ఉత్తర్వు నిఘాగా కనిపించిందంటే, కాంట్రాక్టరు దయమీద రోజు గడిపే కార్మికునికి అది ఎలా కనిపిస్తుందో ఊహించవచ్చు.

దీనికి ఎదురుగా జపాన్ ఎంచుకున్న మార్గం ఉంది. అధిక పనివల్ల గుండెపోటుతో, పక్షవాతంతో, ఆత్మహత్యతో ఉద్యోగులు చనిపోవడం ఆ దేశంలో దశాబ్దాలుగా ఉన్న విషాదం. 2015 డిసెంబరు నుంచి 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి పనిచోటా ఏడాదికొకసారి ఒత్తిడి పరీక్ష జరిపే ఏర్పాటును చట్టం తప్పనిసరి చేసింది. ప్రభుత్వం సూచించిన ప్రశ్నావళిలో 57 ప్రశ్నలు ఉంటాయి. పరీక్ష జరిపిన వైద్యుడో ఆరోగ్య సిబ్బందో ఫలితాన్ని నేరుగా ఉద్యోగికే అందజెయ్యాలి. ఉద్యోగి ఒప్పుకుంటే తప్ప యజమానికి అది చేరకూడదు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నదని తేలినవారు కోరుకుంటే వైద్యునితో మాట్లాడించే బాధ్యత యజమానిది. అలా కోరినందుకు వారికి ఏ నష్టమూ కలిగించకూడదు. విభాగాలవారీగా మొత్తం లెక్క చూసుకోవచ్చు గానీ, పదిమందికన్నా తక్కువ ఉన్న విభాగం లెక్కను మామూలుగా యజమానికి ఇవ్వరు. ఏడుగురున్న చోట ముగ్గురికి ఒత్తిడి ఉన్నదని చెబితే ఆ ముగ్గురెవరో పోల్చుకోవడం కష్టం కాదు గదా. ఉద్యోగి అడగని ప్రశ్నకు జవాబును ఆ దేశం నియమంలోనే రాసిపెట్టింది. ప్రచారం ఆ జవాబును చేరవేస్తే చాలు, కొత్తగా పుట్టించనక్కరలేదు.

మన దేశంలో ఇంత స్పష్టమైన నియమం వెల్‌నెస్ కార్యక్రమాలకంటూ ప్రత్యేకంగా లేదు గానీ, ఆసరా చేసుకోదగిన చట్టాలు ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని నిషేధించింది. వ్యక్తుల సమాచార రక్షణ కోసం 2023లో చేసిన డిజిటల్ చట్టం, సమ్మతి కోరే ప్రకటనను ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు మనిషికి కల్పించాలంటున్నది; తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నదే. అయితే ఉద్యోగ అవసరాలకు కొంత సమాచారాన్ని సమ్మతి లేకుండానే వాడుకునే వెసులుబాటును అదే చట్టం యజమానికి ఇచ్చింది గనుక, చట్టం చూసుకుంటుందిలే అని ఊరుకోవడానికి లేదు. సంస్థ తానుగా హద్దు గీసుకుని, ఆ హద్దును నోటీసులో పేరుపెట్టి చెప్పాలి.

ఆ నోటీసును దగ్గరగా చూడడం అవసరం. కార్యాలయాల్లో సాధారణంగా కనిపించే వాక్యాలు ఇలా ఉంటాయి: “యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంస్థ ఆవరణలో ఉచిత వైద్య శిబిరము నిర్వహించబడును. కావున సిబ్బంది అందరూ తప్పక హాజరై ఈ సదవకాశమును వినియోగించుకొనవలసిందిగా కోరడమైనది.” ఇందులో ఏ పరీక్షలు చేస్తారో లేదు, ఎవరు చేస్తారో లేదు, పట్టిన సమయానికి జీతం ఉన్నదో లేదో తెలియదు. ‘తప్పక’ అన్న మాట ఆజ్ఞలా ఉంటే ‘కోరడమైనది’ అన్న మాట అభ్యర్థనలా ఉంది. రెంటిలో ఏది నిజమో తెలియని ఉద్యోగి భయం ఉంటే ఆజ్ఞగా, భయం లేకపోతే పట్టించుకోనక్కరలేనిదిగా తీసుకుంటాడు.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: “వచ్చే మంగళ, బుధవారాల్లో ఉదయం 5:30 నుంచి 9 గంటల వరకు క్యాంటీను పక్క గదిలో బీపీ, షుగర్ పరీక్షలు. నైట్ షిఫ్ట్ దిగేవారు ఇంటికి వెళ్లేముందు రావచ్చు. పొద్దుటి షిఫ్ట్ వారు పని ఎక్కాక వంతులవారీగా రావచ్చు. పట్టిన సమయం డ్యూటీ కిందే లెక్క. ఇష్టమైతేనే రండి, రానివారిని ఎవరూ ఎందుకని అడగరు. రిపోర్టు మీ చేతికే ఇస్తారు. మీ పేరుతో ఏ వివరమూ మేనేజరుకు గానీ హెచ్‌ఆర్‌కు గానీ వెళ్లదు. ఎంతమంది వచ్చారు, ఎంతమందికి బీపీ ఉంది అన్న మొత్తం లెక్క ఒక్కటే వెళ్తుంది. ఈ ఫలితాన్ని బట్టి ఎవరి పనీ మారదు.” ఇందులో అలంకారం లేదు, ఆరోగ్యమే మహాభాగ్యమన్న సూక్తి లేదు. ప్రతి వాక్యమూ ఒక అనుమానానికి జవాబు, ప్రతి వాక్యమూ సంస్థ నిలబెట్టుకోవలసిన మాట. అందుకే దీన్ని రాయడం మొదటిదానికన్నా కష్టం. రాసేముందు యాజమాన్యం లోపల కూర్చుని ఆ మాటలన్నీ నిజమేనా అని తేల్చుకోవలసి ఉంటుంది. నిజం కానివి ఉంటే వాటిని మార్చవలసింది కార్యక్రమంలోనే, నోటీసులో కాదు.

స్థలం, సమయం అంత వివరంగా చెప్పడం వల్ల ప్రయోజనం ఉన్నదని నిరూపించిన పరిశోధనలు పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. 1965లో ప్రచురితమైన అధ్యయనంలో హోవర్డ్ లెవెంతాల్, అతని సహచరులు యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు ధనుర్వాతం టీకా గురించి రకరకాల కరపత్రాలు ఇచ్చారు. భయం పుట్టించే బొమ్మలున్న కరపత్రం చదివినవారు టీకా మంచిదని గట్టిగానే నమ్మారు గానీ, నమ్మినంత మాత్రాన వెళ్లి వేయించుకోలేదు. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో పటంలో చూపించి, ఏ రోజు ఏ వేళకు వెళ్తారో ఆలోచించుకోమన్నవారిలో 28 శాతం మంది వేయించుకుంటే, అది లేనివారిలో 3 శాతం మందే వేయించుకున్నారు. 2011లో ప్రచురితమైన మరో అధ్యయనంలో కేథరిన్ మిల్క్‌మన్ బృందం అమెరికాలోని ఒక సంస్థ ఉద్యోగులకు ఫ్లూ టీకా గురించి పంపిన ఉత్తరాల్లో, కొందరి ఉత్తరాల్లో మాత్రం తాము వెళ్లదలచిన తేదీ, సమయం రాసుకోవడానికి ఖాళీ గళ్లు పెట్టింది. మామూలు ఉత్తరం అందినవారిలో 33 శాతం మంది టీకా వేయించుకోగా, గళ్లున్న ఉత్తరం అందినవారిలో అంతకన్నా 4 శాతం పాయింట్లు ఎక్కువ మంది వేయించుకున్నారు. ఆ గళ్లకు అయిన ఖర్చు ఏమీ లేదు. పాడైన ఊపిరితిత్తుల బొమ్మలు గోడలనిండా అతికించే సంస్థలు ఈ రెండు ఫలితాలను తెలుసుకోవలసి ఉంది.

సమయం చెప్పడమంటే అందరికీ ఒకే సమయం చెప్పడం కాదు. షుగర్ పరీక్షకు పరగడుపున రావాలని రాస్తారు. అంటే కనీసం ఎనిమిది గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. రాత్రి పది గంటలకు డ్యూటీ ఎక్కి అర్ధరాత్రి డబ్బా విప్పి, తెల్లవారుజామున నిద్ర ఆపుకోవడానికి టీ తాగే మనిషికి ఆ మాట వర్తించేదెలా? అతడు టీ తాగి వచ్చి అబద్ధపు అంకె తీసుకుపోతాడు, లేదా అసలు రాడు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ అన్న పరీక్షకు పరగడుపు అవసరం లేదు. నైట్ షిఫ్ట్ వారికి అది పెడుతున్నామని ఒక్క వాక్యం చేరిస్తే చిక్కు తీరుతుంది. రోజుకూలి మీద వచ్చే కార్మికునికి మరో భయం కూడా ఉంది. వరుసలో నిలబడ్డ గంటసేపు నాగా కింద రాస్తారేమోనన్నదే ఆ భయం. పరీక్ష ఉచితమైనా ఆ కూలి పోతే అతని లెక్కలో అది ఉచితం కాదు.

మాట ఎవరు చెబుతున్నారన్నదీ మాటంత ముఖ్యం. ఈమెయిలు అందేది కంప్యూటరు ముందు కూర్చునేవారికి. పటాన్‌చెరులో, పరవాడలో మందుల కర్మాగారాల రియాక్టర్ల దగ్గర పనిచేసేవారిలో చాలామంది కాంట్రాక్టు కార్మికులు, వారిలో ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఎందరో. వారి పేర్లు సంస్థ ఈమెయిలు జాబితాలో ఉండవు, తెలుగు నోటీసు కూడా వారిలో కొందరికి అక్కరకు రాదు. వారికి మాట చేరేది షిఫ్ట్ మొదట్లో సూపర్‌వైజరు నిలబెట్టి చెప్పే భద్రతా సూచనల్లో, లేదా మేస్త్రీ ద్వారా. మేస్త్రీకే పూర్తి సంగతి తెలియకపోతే అతడు ‘పోయి రక్తమిచ్చి రండి’ అని మాత్రమే చెబుతాడు. కార్మిక సంఘం బలంగా ఉన్నచోట గేట్ మీటింగులో సంఘ నాయకుడు ‘రిపోర్టులు మేనేజుమెంటుకు పోకుండా మేము మాట తీసుకున్నాం’ అని చెప్పే ఒక్క వాక్యం పది బ్యానర్ల పెట్టు. ఆ మాట ఆయన చేత అనిపించాలంటే కార్యక్రమం రూపొందుతున్నప్పుడే సంఘాన్ని కూర్చోబెట్టుకోవాలి. అంతా అయ్యాక పిలిచి ప్రచారం చేసిపెట్టమంటే ఆయన మాటకూ విలువ పోతుంది. తన ఆరోగ్య, భద్రతల సమాచారాన్ని యజమాని నుంచి పొందే హక్కు కార్మికునికి భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణతోనే దక్కింది. తెలియజెయ్యడం దయ అన్న ధోరణి అప్పుడే పోవలసింది.

మహిళల విషయంలో మౌనం ఇంకా దట్టంగా ఉంటుంది. శ్రీసిటీలో, అచ్యుతాపురంలో ఎలక్ట్రానిక్స్, దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే పెళ్లికాని అమ్మాయిలకు ఉద్యోగం పోతుందన్న భయానికి తోడు, క్షయో థైరాయిడో ఉన్నదని నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావన్న భయం ఉంటుంది. రక్తం ఇస్తే గర్భపరీక్ష కూడా చేస్తారేమోనన్న అనుమానం కొందరిది. ‘ఈ అయిదు పరీక్షలే చేస్తాం, మరేదీ చెయ్యం’ అని పేర్లతో సహా రాయడం, పరీక్ష గదిలో మహిళా సిబ్బంది ఉంటారని చెప్పడం, రిపోర్టును హాస్టల్ వార్డెన్‌కు గానీ ఇంటికి గానీ పంపబోమని చెప్పడం వారికి అవసరమైన సమాచారం. ఇవి చిన్న విషయాలని భావించేవారు ఆ అమ్మాయిల స్థానంలో ఒక్కసారి నిలబడి చూడాలి.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఇదే సమస్య కౌన్సెలింగ్ దగ్గర ఎదురవుతుంది. బయటి సంస్థ నియమించిన సలహాదారులతో ఉద్యోగి ఉచితంగా మాట్లాడే ఏర్పాటును ఉద్యోగి సహాయ కార్యక్రమం అంటారు. దాని నంబరు సంస్థ వెబ్‌సైటులో ఏ మూలనో ఉంటుంది, మానసిక ఆరోగ్య దినమైన అక్టోబరు 10న ఒకసారి ఈమెయిలులో వస్తుంది. ఎన్నిసార్లు మాట్లాడవచ్చు, బిల్లులో పేరు ఉంటుందా, ఆఫీసు ఫోను నుంచి చేస్తే నమోదవుతుందా, ప్రాణాపాయం ఉన్నదనిపిస్తే సలహాదారు ఎవరికి చెబుతారు అన్నవాటికి జవాబు ఆ నంబరు పక్కనే ఉండాలి. చివరిదాన్ని దాచకూడదు, గోప్యతకు ఉన్న ఈ మినహాయింపును ముందే చెబితే తక్కిన మాట మీద నమ్మకం పెరుగుతుంది. సంస్థ పేరున్న నంబరుకు ఫోను చెయ్యడానికి జంకేవారి కోసం, 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416ను కూడా అక్కడే రాయడం మంచిది. అది రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడుతుంది, యజమానితో దానికి ఏ సంబంధమూ లేదు.

ఫలితం చేతికి వచ్చిన తరువాతి రోజు గురించి చాలా సంస్థలు ఏమీ చెప్పవు. బీపీ 160 ఉన్నదని కాగితం మీద చూసిన మనిషి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఎక్కడికి వెళ్లాలో, ఎంతవుతుందో, సెలవు దొరుకుతుందో అతనికి తెలియదు. నెల జీతం 21,000 రూపాయలకు లోబడి ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా పథకంలో నమోదైన ఉద్యోగికి దగ్గరి డిస్పెన్సరీ ఏదో, మందులకు డబ్బు కట్టనక్కరలేదన్న సంగతి, షరతులకు లోబడి ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం అనారోగ్య భృతిగా వస్తుందన్న సంగతి రిపోర్టు వెనుక అచ్చువేస్తే, పరీక్ష వైద్యం దాకా వెళ్తుంది.

అదే సమయంలో అతిగా మాట ఇవ్వకూడదు. అమెరికాలో దాదాపు 33,000 మంది పనిచేసే ఒక దుకాణాల సంస్థలో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. ఏడాదిన్నర తరువాత, వెల్‌నెస్ కార్యక్రమం నడిచిన చోట్ల వ్యాయామం చేస్తున్నామని, బరువు అదుపులో పెట్టుకుంటున్నామని చెప్పినవారి సంఖ్య పెరిగింది గానీ, రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటి కొలతల్లో గానీ వైద్య ఖర్చుల్లో గానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కాబట్టి ‘ఈ కార్యక్రమంతో మీ జీవితం మారిపోతుంది’ అని రాయడం సరికాదు. ‘తెలియని బీపీ, షుగర్ ఉంటే బయటపడుతుంది, బయటపడితే వైద్యానికి దారి చూపిస్తాం’ అన్నంతవరకు చెబితే అది నిజం. అధిక పనిగంటలు, ఊపిరాడని షెడ్డు, అర్ధరాత్రి దాకా మోగే ఫోను అలాగే ఉంచి యోగా నేర్పిస్తే, సమస్య అంతా ఉద్యోగి శరీరంలోనే ఉన్నదని చెప్పినట్టవుతుంది. ఉద్యోగులు దాన్ని గ్రహిస్తారు.

అందువల్ల శిబిరం ముగిశాక యాజమాన్యం మరో నోటీసు వెయ్యాలి. పేర్లు లేని మొత్తం లెక్కను, చిన్న విభాగాలను కలిపేసి, ఉద్యోగులకే ముందు చూపించాలి. కొలిమి విభాగంలో బీపీ ఉన్నవారు ఎక్కువగా తేలితే అక్కడ వేడి తగ్గించడానికి ఏం చేస్తున్నారో, విశ్రాంతి ఎన్ని నిమిషాలు పెంచారో, అది ఏ నెల నుంచి అమలవుతుందో అందులో ఉండాలి. ఏమీ చెయ్యలేకపోతే ఎందుకు చెయ్యలేకపోయారో రాయాలి. మరుసటి ఏడు శిబిరం పెట్టినప్పుడు మొత్తం ఎంతమంది వచ్చారన్న దానికన్నా, మొదటి ఏడు రానివారిలో ఈసారి ఎంతమంది వచ్చారన్నది లెక్కించడం మేలు.